గంట కట్టించుకున్న కొమ్ముభూపాలుడు

అనగనగా ఒక అడవి. దానికి ఒక పక్క కొండలు, ఇంకో పక్క సముద్రం. ఆ అడవికి ఒక అడవిదున్న రాజు. పేరు కొమ్ముభూపాలుడు. ఇంత లావు ఒళ్లు, ఇంత పొడుగు కొమ్ములు. ఆ రెండు కొమ్ముల మధ్య ఉండాల్సిన సరుకు ఎంత ఉందో, కథ అయ్యాక మీరే చెప్దురుగాని.

ఆ అడవిలో ఒక పద్ధతి ఉండేది. ఎండాకాలం మొదట్లో ఇప్పపూలు రాలతాయి కదా? తియ్యగా ఉంటాయి. ఎండబెడితే చాలాకాలం నిలవుంటాయి. అడవిలో ఎవరికి దొరికిన పూలలోంచి వాళ్లు కొంత వాటా తీసి ఇవ్వాలి. ఆ వాటాలన్నీ సముద్రం ఒడ్డున ఉన్న గుట్టకింద గుహలో పోసి, గుహ మూతికి పెద్ద బండరాయి అడ్డం పెట్టేవాళ్లు. వానలు పడక, గడ్డి ఎండిపోయి, తినడానికి ఏమీ లేనప్పుడు రాజు వచ్చి కొమ్ములతో ఆ బండని పక్కకి నెట్టాలి. అందరికీ పూలు పంచాలి. ఆ బండ సందులో దూరి దాన్ని కదపగలిగేవి దున్న కొమ్ములే; ఏనుగులకి కూడా అది చేతకాదు. అందుకే దున్నల్ని రాజుల్ని చేశారు. అందానికి చేశారనుకుంటున్నారేమో, కాదు!

వాటా వసూలుకి కూడా రాజే స్వయంగా గడపగడపకీ తిరగాలి. పోగానే "ఏదీ వాటా?" అని అడగకూడదు. ముందు ఆ ఇంట్లో పిల్లల పొట్టలు మూతితో తడిమి చూడాలి. పొట్ట నిండుగా ఉంటే దండిగా తీసుకోవాలి. పొట్ట లోపలికి పోయి ఉంటే ఏమీ అడక్కుండా, "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా" అని వెనక్కి తిరగాలి. దాన్ని 'పొట్టచూపు' అనేవాళ్లు. కొమ్ముభూపాలుడి తాత ఆ పని చేశాడు, తండ్రీ చేశాడు. ఎవరింట్లో తిండుందో, ఎవరింట్లో లేదో వాళ్లకి నోటికొచ్చు.

మన కొమ్ముభూపాలుడికి మాత్రం ఒళ్లొంగదు. "అంతటి రాజునై ఉండి కుందేలు పిల్లల పొట్టలు తడుముతూ తిరగాలా? ఛీ ఛీ!" అని ఒకటే సణుగుడు. సణుగుతూనే తిరిగేవాడు. తిరిగినన్నాళ్లూ అడవి బాగానే ఉంది.

ఆ అడవిలోనే చుక్కమ్మ అని ఒక దుప్పి ఉండేది. దానికి ఒక్కతే పిల్ల, బుడ్డి. బుడ్డి పుట్టిన ఏడు చుక్కమ్మ ఏరుకున్న పూలు చాలా తక్కువ. రాజు వచ్చాడు. బుడ్డి పొట్ట తడిమాడు. మూతి ముడిచి, "వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా" అని వెళ్లిపోయాడు. చుక్కమ్మ ఆ మాట మరిచిపోలేదు. "మా రాజుకి నోరు చేదేగానీ, మనిషి మంచోడే" అని అందరితో చెప్పుకునేది. దున్నని పట్టుకుని మనిషంటుందేమిటని నవ్వకండి. దానికి అంత అభిమానం మరి.

ఇలా ఉండగా ఒకరోజు సముద్రం మీద ఓడ ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి దిగారండీ, ఓడెలుకలు! వాళ్ల నాయకుడి పేరు తోకదొర. తోక చివర ఎర్ర పీలిక కట్టుకున్నాడు. వెనకాల పదిమంది ఎలుకలు ఒక ఉప్పుగడ్డని దొర్లించుకుంటూ వచ్చారు.

దున్నలకి ఉప్పంటే ప్రాణం. కొమ్ముభూపాలుడు ఒక్కసారి నాకాడు. కళ్లు మూసుకుని మళ్లీ నాకాడు. ఇక నాలుక లోపలికి పోలేదు.

"మహాప్రభూ! మేం వ్యాపారులం. ఉప్పు ఇస్తాం, ఇప్పపూలు కొనుక్కుంటాం. అంతకు మించి మాకేం వద్దు" అన్నాడు తోకదొర. "సరుకు పెట్టుకోవడానికి ఆ గుహ పక్కన కాస్త చోటిస్తే చాలు."

"ఓస్, అంతేనా! తీసుకోండి" అన్నాడు రాజు, నాలుక ఉప్పు మీదే ఉంచి.

కొన్నాళ్లకి తోకదొర మళ్లీ వచ్చాడు. ఈసారి ఇంకా పెద్ద ఉప్పుగడ్డ. కళ్లు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"ఏమైంది దొరా?" అన్నాడు రాజు.

"ఏం చెప్పమంటారు ప్రభూ! గుహకి కాపలా ఉన్న ముంగిసలు మావైపు ఒకలా చూస్తున్నాయి. మా పిల్లలు జడుసుకుని పాలు తాగడం లేదు. వాటిని పంపించేయండి. కాపలా మేమే కాస్తాం. అదీ ఉచితంగా!"

ఇప్పపూల గుహకి ఎలుకలు కాపలా! వింటున్నారా? మీలో అందరికంటే చిన్నదాన్ని అడిగినా వద్దనే చెప్తుంది. కొమ్ముభూపాలుడు మాత్రం తల ఊపాడు. ఉచితం అన్నారు కదా!

తరతరాలుగా కాపలా కాసిన ముంగిసలు పిల్లాపాపలతో కొండ దాటి వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ ముసలి ముంగిస ఒకటి, "ప్రభూ, వీళ్లు ఎలుకలు" అంది. అంతకంటే ఏం చెప్తుంది పాపం?

"వ్యాపారులు" అని దిద్దాడు రాజు.

మూడోసారి తోకదొర ఉప్పొక్కటే తేలేదు. ఉప్పుతో పాటు తళతళా మెరిసే ఇత్తడి గంట ఒకటి పట్టుకొచ్చాడు. ఓడలో గంట అది. దానికి తాడు కట్టి, అందరూ చూస్తుండగా రాజు మెడలో వేశాడు.

"మా దేశంలో చక్రవర్తులకే ఈ గౌరవం ప్రభూ!"

అయ్యో రామ! మెడలో గంట ఎవరికి కడతారర్రా? మేతకి తోలే గొడ్డుకి కడతారు, ఎటు పోయిందో తెలియడానికి. కొమ్ముభూపాలుడికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? అటు నాలుగడుగులు వేశాడు, ణంగ్. ఇటు నాలుగడుగులు వేశాడు, ణంగ్ ణంగ్. మురిసి ముక్కలైపోయాడు.

ఆ మురిపెంలో ఉండగానే తోకదొర చెవి దగ్గరికి వచ్చాడు. "ప్రభూ, మీరు గడపగడపకీ తిరుగుతుంటే మా ప్రాణం ఉసూరుమంటోంది. చక్రవర్తులు చేసే పనేనా అది? రాజ్యాన్ని ఇద్దరం కలిసి ఏలుదాం. పూలు వసూలు చేసే పని మాది. ఆకలిగొన్నవాళ్లని విచారించే పని మీది. వసూలంటే చాకిరీ. దాన్ని మా బోటివాళ్లం చూసుకుంటాం. విచారణంటే దర్జా. అది మీకే ఉండాలి."

సభలో పక్కనే ఉన్న ఎలుగుతాత చెవిన ఆ మాటలు పడ్డాయి. రాజు తండ్రిని చిన్నప్పుడు ఎత్తుకు తిరిగిన ముసలి ఎలుగుబంటి. ఆయన కర్ర ఊతంతో లేచాడు.

"బాబూ, వసూలుకి పోయేవాడికి పొట్టలతో పనిలేదు. పొట్టలు విచారించేవాడి దగ్గర పూలుండవు. ఇదేం పంపకం నాయనా? మీ నాన్న పూలకోసం మాత్రమే తిరిగాడనుకున్నావా? తిరిగాడు కాబట్టే ఎవరి ఇంట్లో ఏముందో ఆయనకి తెలిసేది."

"తాతా, నీకు రాజకీయం తెలియదు, కూర్చో" అన్నాడు కొమ్ముభూపాలుడు. ణంగ్ మంది గంట.

రాజూ, తోకదొరా ఒకే ఉప్పుగడ్డని చెరో పక్క నాకి ఒట్టు వేసుకున్నారు. ఆ రోజుతో పొట్టచూపు అయిపోయింది.

ఆ ఏడు వసూలుకి ఎలుకలు వచ్చారు. ఇంటికి ఇన్ని దొప్పల పూలు అని ఒకటే కొలత. ఏనుగుకీ అంతే, కుందేలుకీ అంతే. చుక్కమ్మ బతిమాలింది. "అయ్యా, ఈ ఏడు మా వైపు చెట్లు సరిగా పూయలేదు. నా పిల్ల పొట్ట ఒకసారి చూడండి."

"పొట్టలు చూడటం మా పని కాదమ్మా. అది రాజుగారి పని" అన్నాడు వసూలుకొచ్చిన ఎలుక. ఉన్న పూలన్నీ ఊడ్చుకుపోయాడు. చాల్లేదని బుడ్డి పడుకునే ఎండుగడ్డి కూడా లాక్కుపోయాడు.

చుక్కమ్మ ఏడుస్తూ రాజు దగ్గరికి పోయింది. ఆయన కొండరాతి మీద కూర్చుని దర్బారు చేస్తున్నాడు. ఎంత దర్జా! పక్కన ఉప్పుగడ్డ. మెడలో గంట.

"ప్రభూ, నా బిడ్డకి ఆకలేస్తోంది" అంది చుక్కమ్మ.

రాజు కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు. తర్వాత గంభీరంగా తీర్పు చెప్పాడు. "విచారించాం. నీ ఆకలి నిజమే."

చుక్కమ్మ నిలబడే ఉంది. ఇంకేమైనా అంటాడేమోనని.

"అయిపోయింది. వెళ్లు" అన్నాడు రాజు. వెళ్లింది పాపం. దానికి అప్పటికింకా ఆయన మీద నమ్మకం పోలేదు.

ఆ మరుసటి ఏడాది వానలు పడలేదు. వాగులు ఎండాయి. గడ్డి ఎండింది. చివరికి ముళ్లకంపలు కూడా మిగల్లేదు. అడవంతా గుహ వైపే చూస్తోంది. గుహ నిండా పూలున్నాయి కదా! బండ తెరిస్తే చాలు కదా!

చుక్కమ్మ ముందు ఎలుకల దగ్గరికి పోయింది. "గుహలో ఉన్న పూలు మాకు పెట్టండయ్యా" అంది.

"పెట్టడం మా చేతిలో లేదమ్మా. ఆకలి సంగతులన్నీ రాజుగారివి" అన్నాడు తోకదొర, ఎంతో మర్యాదగా.

రాజు దగ్గరికి పోయింది. "గుహ తెరవండి ప్రభూ."

"తెరవొచ్చుగానీ, పూలు వాళ్లు తెచ్చిపెట్టినవి కదా. వాళ్లనొక మాట అడగకుండా తీస్తే బాగుండదు. ఒట్టు వేసుకున్నాం" అన్నాడు కొమ్ముభూపాలుడు.

మళ్లీ ఎలుకల దగ్గరికి పోయింది. "రాజుగారు మిమ్మల్ని అడగమన్నారు."

"ఆయన మమ్మల్ని అడగాలి. నువ్వు అడిగితే ఎలా?" అన్నాడు తోకదొర.

ఇదమ్మా వాళ్లిద్దరూ కలిసి ఏలడమంటే! ఒకడు అటు చూపిస్తాడు, ఇంకొకడు ఇటు చూపిస్తాడు. మధ్యలో కాళ్లరిగిపోయేది చుక్కమ్మకి. దాని వెనకే అడవి అడవంతా అలాగే తిరిగింది. తిరిగినవాళ్లలో కొందరు మళ్లీ ఇంటికి రాలేదు. కుందేళ్ల ఇళ్లలో మొదట చిన్నపిల్లలు పోయారు. ఎలుగుతాత రాజుతో మాట్లాడతానని దర్బారు ముందు వరసలో నిలబడ్డాడు. తనకంటే ముందున్నవాళ్ల విచారణ అయ్యేలోపే, నిలబడ్డ చోటే కూలిపోయాడు. రాజు తండ్రిని ఎత్తుకు తిరిగిన ముసలాయన! తలుచుకుంటే ఇప్పటికీ నా కడుపు మండిపోతుంది.

"విచారిస్తున్నాం" అన్నాడు రాజు ఆయన్ని చూసి.

చుక్కమ్మకి ఇక ఓపిక చచ్చింది. నడవలేని బుడ్డిని మెడతో తోసుకుంటూ తెచ్చి దర్బారు రాతి ముందు పడుకోబెట్టింది.

"ఆకలి విచారించేవాడివి కదా! ఇదిగో ఆకలి. కళ్లు మూసుకోకు. మీ నాన్న తడిమినట్టు తడిమి చూడు. ఇది పుట్టిన ఏడు నువ్వు కూడా తడిమావు. నీకు గుర్తుండదులే. నాకు గుర్తుంది."

అడవంతా చూస్తోంది. తప్పలేదు. కొమ్ముభూపాలుడు దిగి వచ్చి బుడ్డి పొట్ట మీద మూతి పెట్టాడు. పొట్ట తగల్లేదు. ఎముకలు తగిలాయి. ఒక్క క్షణం, మీతో అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒక్క క్షణం ఆయన మళ్లీ రాజయ్యాడు. ఎవర్నీ అడక్కుండా గుహ దగ్గరికి పరుగెత్తాడు. బండకి కొమ్ములు ఆనించి ఒక్క తోపు తోశాడు.

బండ దొర్లింది. అందరూ లోపలికి తొంగిచూశారు.

ఒక్క పువ్వు లేదు. గుహ వెనక గోడకి, నిన్నమొన్న తవ్వింది కాదు, ఎప్పటి నుంచో తవ్విన పెద్ద కన్నం ఉంది. ఆ కన్నంలోంచి సముద్రం కనిపించింది. సముద్రం మీద ఓడ కనిపించింది. ఇన్నాళ్లూ రాజు ముందు గుమ్మాన బండని చూసి నిశ్చింతగా నిద్రపోయాడన్నమాట. వెనక నుంచి గుహ మొత్తం ఓడెక్కిపోయింది.

"దొంగ వెధవల్లారా!" అని రంకె వేసి రాజు ఎలుకల మీదికి దూకాడు. దూకితే ఏమైంది? ణంగ్ ణంగ్ ణంగ్! గంట మోగుతూ వస్తుంటే ఏ ఎలుక నిలబడుతుంది? ఈ పక్క తొక్కితే ఆ పక్క కన్నంలో దూరారు. ఆ పక్క తొక్కితే ఈ పక్క తేలారు. ముంగిసలు ఉంటే ఒక్క పూటలో అయిపోయే పని. వాటిని వెళ్లగొట్టింది ఎవరు? ఈ మహారాజే.

రాజు రొప్పుతూ ఆగాక తోకదొర ఒక రాతి మీదికెక్కి మీసాలు సవరించుకున్నాడు.

"కోపం ఎందుకు ప్రభూ? వసూలు మాదన్నాం. చేశాం. కాపలా కాస్తామన్నాం. ఎవర్నీ లోపలికి రానివ్వలేదు. పూలు గుహలోనే ఉంచుతామని ఎప్పుడైనా అన్నామా? మీరు అడిగారా?"

నిజమే, రాజు అడగలేదు.

"జరిగిందేదో జరిగింది" అన్నాడు తోకదొర మెత్తగా. "మన స్నేహం పాడుచేసుకోవద్దు. మీరే రాజు. గంట మీదే. దర్బారు మీదే. ఇదిగో, ఓడలోంచి ఇప్పుడే దించాం."

ఎలుకలు కొత్త ఉప్పుగడ్డని దొర్లించుకొచ్చి ఆయన కాళ్ల ముందు పెట్టారు.

ఇప్పుడు చూడండి. ఒక పక్క బుడ్డి. దాని వెనక అడవి మొత్తం. ఇంకో పక్క ఉప్పుగడ్డ. చిన్నపిల్లకి కూడా తెలుస్తుంది ఎటు తిరగాలో. ఆ ఉప్పుగడ్డని కాలితో తన్ని, "పదండి, కొండ దాటుదాం, దారి నేను చేస్తాను" అంటే, ఆ ముళ్లపొదలన్నీ తొక్కి దారి చెయ్యగల బలం ఆయన ఒంట్లో ఉంది. అందరూ క్షమించేసేవాళ్లు కూడా. ప్రజలు అంత పిచ్చివాళ్లు.

కొమ్ముభూపాలుడు అటు చూశాడు. ఇటు చూశాడు. తర్వాత తల వంచి, ఉప్పు నాకాడు.

చుక్కమ్మ బుడ్డిని లేపి నిలబెట్టింది. రాజుకి వీపు చూపించి కొండ వైపు నడిచింది. దాని వెనక కుందేళ్లు, వాటి వెనక ఏనుగులు, అందరూ.

"ఆగండి! విచారణ ఇంకా పూర్తి కాలేదు!" అని అరిచాడు రాజు.

ఒక్కరు కూడా వెనక్కి తిరగలేదు.

కొండ దారి మామూలు దారి కాదు. ఏనుగులు ముందు నడిచి పొదలు తొక్కాయి. నడవలేని పిల్లల్ని వీపుల మీద వేసుకున్నాయి. బుడ్డి కూడా ఒక ఏనుగు వీపు మీదే కొండ దాటింది. అవతలి లోయలో వాళ్లకి ఎదురొచ్చింది ఎవరో తెలుసా? ఆ ముంగిసలు! "రండి రండి, ఇక్కడ ఊట ఉంది. ఆ గట్టు కింద తవ్వితే దుంపలున్నాయి" అని పిలుచుకుపోయాయి. బుడ్డి ఆ రోజు ఊటనీళ్లు తాగి, దుంప కొరికి, తల్లి పక్కన పడుకుంది. బతికింది.

ఇక్కడ ఈ అడవిలో ఏమైంది? వసూలు చెయ్యడానికి ఇళ్లు లేవు. విచారించడానికి జనం లేరు. కొన్నాళ్లకి ఉప్పుగడ్డ కూడా కరిగిపోయింది. ఎలుకలు సామాన్లు సర్దుకుని ఓడెక్కుతున్నారు. కొమ్ముభూపాలుడు ఒడ్డుకి పరుగెత్తుకొచ్చాడు. డొక్కలు ఎండిపోయి ఉన్నాయి.

"దొరా, తోకదొరా! నాకు ఆకలేస్తోంది!"

తోకదొర ఓడ అంచు మీద నిలబడి చేతులు జోడించాడు. మర్యాద మాత్రం చివరిదాకా తప్పలేదు సుమా!

"ఆకలి సంగతులు మీ పని కదా మహాప్రభూ. మీరే విచారించుకోండి."

ఓడ వెళ్లిపోయింది.

కొండ అవతల లోయలో మళ్లీ ఇప్పపూలు పూశాయి. ఈసారి వాటాలకి చుక్కమ్మ తిరుగుతోంది. కొమ్ములు లేవు, గంట లేదు. గడప దగ్గర ముందు పిల్లల్ని పిలుస్తుంది, పొట్టలు తడుముతుంది, తర్వాతే వాటా మాట ఎత్తుతుంది. పంచే పని కూడా దానిదే. ఎవరి ఇంట్లో ఏముందో దానికి నోటికొచ్చు.

అలా తిరుగుతుండగా ఒక సాయంత్రం కొండకి అటు, పాత అడవి వైపు నుంచి సన్నగా చప్పుడు వినిపించింది. ణంగ్... ణంగ్...

"అమ్మా, ఏంటది?" అంది బుడ్డి.

చుక్కమ్మ ఒక్క క్షణం ఆగి విన్నది.

"ఎవరిదో గొడ్డు తప్పిపోయినట్టుంది" అని, పక్కింటి గడప వైపు నడిచింది.

నీతి: తీసుకునే హక్కు ఒకడి చేతిలోనూ, పెట్టే బాధ్యత ఇంకొకడి నెత్తినా ఉన్న రాజ్యంలో ముందు చచ్చేది ప్రజలే; పేరు కోసం పని వదులుకున్న పాలకుడికి చివరికి పేరు కూడా మిగలదు.